పదిది చైను

ఉద్యోగం వచ్చి, బుద్ధి ఇంకా రాని కాలం ఒకటి మనిషి జీవితంలో ఉంటుంది. చెయ్యదలుచుకున్న తెలివితక్కువ పనులన్నీ అప్పుడే చేసేసుకోవాలి, తరవాత తీరిక దొరకదు. ఆ రోజుల్లో మా ఉద్దానం ఊళ్లలో సైకిలు తొక్కేవాళ్లు రెండే రకాలు. మోటారుసైకిలు కొనలేనివాళ్లు, డాక్టరుగారు తొక్కమన్నవాళ్లు. నేను ఈ రెండింట్లోనూ చేరను. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర కంప్యూటరు ముందు కూర్చునే పని దొరకగానే, తోటివాళ్లందరూ వాయిదాల మీద మోటారుసైకిళ్లు తీసుకుంటూంటే, నేను విశాఖ వెళ్లి, బదిలీ మీద ఊరు వదిలిపోతున్న ఒకాయన దగ్గర రేసు సైకిలు కొనుక్కొచ్చాను. సన్నటి టైర్లు, మెలి తిరిగిన హేండిలు. కేరేజీ లేదు, స్టాండు లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు. దాన్ని పాసింజరు రైల్లోంచి పలాసలో దింపి ఇంటికి తొక్కుకొచ్చిన రోజున మా వీధివాళ్లంతా వచ్చి, ఆ హేండిలు పట్టుకు చూసి, దానికి ‘పొట్టేలు’ అని పేరు పెట్టి వెళ్లిపోయారు. (కొన్నాళ్లకి ఆ పేరు నాకూ అంటుకుంది. "పొట్టేలు ఇంట్లో ఉన్నాడేటి?" అని ఎవరైనా అడిగితే అమ్మ తడుముకోకుండా "ఉన్నాడు" అనేది.)

మా నాన్నకి మాత్రం దానిమీద ఒకటే అభ్యంతరం. "నాలుగు కాయలు కట్టుకోడానికి సోటు నేదు, ఇదేటి సైకిలురా బాబూ!" అనేవాడు. ఎంత అన్నా కన్నతండ్రి కదా, దాని చైను తుప్పు పట్టిపోతూంటే చూడలేకపోయాడు. సముద్రం మా ఇంటికి కూతవేటు దూరం. ఆ ఉప్పుగాలికి ఇనుమన్నది ఏదీ నాలుగు కాలాలు బతకదు. అందుకని ఒకనాడు నేను అన్నం తిని నడుం వాల్చిన సమయం చూసి, నాన్న నా చైనుకి నిండుగా జీడినూనె పూసేశాడు. అంటే జీడిపిక్కల తొక్కలోంచి తీసే నల్లటి జిగురు నూనె. మా వైపు ఇంటి దూలాలకీ పడవలకీ అది పూస్తారు. చెదలు పట్టదు, ఉప్పు అంటదు. కాబట్టి నాన్న ఆలోచనలో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే దూలం తిరగనక్కర్లేదు, చైను తిరగాలి. మర్నాటికి అది ఎక్కడికక్కడ బిగుసుకుపోయింది. సంగతి తెలియని నేను ఏమైందోనని రెండు చేతులా పట్టుకుని లాగాను. పచ్చి జీడి ఒంటికి తగిలితే ఏమవుతుందో పలాస వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతా లోకానికి చెబుతున్నాను: పొక్కిపోతుంది. రెండు అరచేతులూ బొబ్బలెక్కిపోయాయి. సరిగ్గా ఆ వారమే నాకు పెళ్లిచూపులు.

సంబంధం తెచ్చింది మా పిన్ని. నిమ్మాడలో ఉంటుంది. ఆమెకి తెలిసిన విషయం సాయంత్రానికల్లా కోటబొమ్మాళి చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది కనక ఇంట్లో అందరం రేడియో పిన్ని అంటాం. పిల్లది హరిశ్చంద్రపురం. టెక్కలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. నేను అరచేతులు తొడల మీద బోర్లించుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాను గానీ, కాఫీ ఇచ్చినప్పుడు తిప్పక తప్పలేదు. ఆ పిల్ల నా మొహం చూడలేదు, చేతులు చూసింది.

"జీడి పొక్కిందేటండీ?" అంది మెల్లగా.

"సైకిలు చైనండి. నాన్న జీడినూనె పూసీసినాడు" అన్నాను.

పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "చైనుకి కిరసనాయిలు ఎట్టి తుడిస్తే పోతాది. చేతులకి మాత్రం కొబ్బరినూనె రాయండి, తారుమారు చెయ్యకండి" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. చేతుల గురించి ఏ నర్సయినా చెబుతుంది. చైను గురించి కూడా, అదీ ముందుగా, ఎవరు చెబుతారు? ఇక చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని ఆ కాఫీ చల్లారే లోపల నిశ్చయించుకున్నాను. అదృష్టం బాగుండి అటువైపూ సరేనన్నారు. తాంబూలాలకి ముహూర్తం పెట్టుకున్నారు.

ఇప్పుడు మీకు కొంచెం సైకిలు శాస్త్రం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. నా పొట్టేలుకి వెనకచక్రం దగ్గర ఎనిమిది పళ్లచక్రాలు ఉండేవి, అంటే ఎనిమిది గేర్లన్నమాట. పలాస నుంచి ఇంటికొచ్చేటప్పుడు సముద్రం వైపునుంచి ఎదురుగాలి కొడుతుంది. అప్పుడు ఒక గేరు వేస్తే కాళ్లు ఊరికే తిరిగిపోయేవి, దాని పక్కది వేస్తే మోకాళ్లు పట్టేసేవి. ఆ రెండింటికీ మధ్య ఇంకొక్కటుంటే చాలు, జన్మ ధన్యమైపోతుందనిపించేది. అలాంటివి పది గేర్ల సైకిలుకి ఉంటాయి. కానీ పది గేర్లు కావాలంటే పళ్లచక్రాల గుత్తి మార్చాలి, హేండిలు దగ్గర గేరు లివర్లు మార్చాలి, చైను మార్చాలి. అన్నీ ఒకేసారి కొనే స్తోమత నాకు లేదు. పోనీ కొన్నది కొన్నట్టు బిగించుకుందామా అంటే ఎనిమిదిదీ పదిదీ ఒకదానితో ఒకటి కాపరం చెయ్యవు. అందుకని ఒక జీతంలో ఒకటి, ఇంకో జీతంలో ఇంకొకటి కొని మంచం కింద దాచడం మొదలెట్టాను. మొదట పళ్లచక్రాల గుత్తి వచ్చింది. దాన్ని సైకిలు భాషలో కేసెట్టు అంటారు. "కేసెట్టు కొన్నాను నాన్నా" అంటే, నాన్న నావైపు జాలిగా చూసి, "ఈ రోజుల్లో కేసెట్లు ఎవుడింటన్నాడ్రా? మన టేపురికాడ్డు పోయి ఎన్నాళ్లయిపోనాది!" అన్నాడు. ఆనాడే నేను గ్రహించాల్సింది, నా సైకిలు మాటలకి మా ఇంట్లో వేరే అర్థాలుంటాయని. గ్రహించలేదు.

గుత్తి తరవాత లివర్లు వచ్చాయి. మిగిలింది చైను. ఆన్‌లైన్లో వెతగ్గా వెతగ్గా పది గేర్లకి సరిపోయేది ఒకటి తగ్గింపు ధరలో కనిపించింది. తుప్పు పట్టకుండా పైన పూత వేసింది. ఎవరికీ నచ్చని రంగేమో, అందుకే తగ్గించినట్టున్నారు. పచ్చటి బంగారు రంగు. నాకు రంగుతో పనేముంది, ఉప్పుగాలికి తట్టుకుంటే చాలనుకుని ఆర్డరు పెట్టేశాను. వారం పొడుగునా పలాసలో గదిలో ఉండి ఆదివారాలు ఊరెళ్లేవాణ్ణి. గదికి తెప్పిస్తే తీసుకునే దిక్కుండదని ఇంటి చిరునామా ఇచ్చాను. ఆ సాయంత్రమే అమ్మ ఫోను చేసింది. మా ఊళ్లో ఫోను సిగ్నలు కూడా ఎదురుగాలికి తట్టుకోలేదు. అమ్మ చెప్పినదాంట్లో "తాంబూలాలకి..." అన్న ముక్క, "...ఏదైనా ఏస్తే బాగుంటాదిరా" అన్న ముక్క వినిపించాయి. మధ్యలో గాలి. (ఆ గాలిలో కొట్టుకుపోయిన మాట ‘పిల్ల మెల్లో’ అని తరవాత తెలిసింది.) తాంబూలాల లోపల సైకిలు బాగు చేసుకోమంటోంది కాబోలు, మా అమ్మ ఎంత మారిపోయింది అనుకున్నాను.

"చైను ఏత్తన్నానే! బుక్ చేసీసినాను కూడా" అన్నాను.

"చైనే! ఎంతలో తీసుకున్నావు నాన్నా? ఎనిమిదా?" అంది. ఎనిమిది గ్రాములా అని ఆవిడ ఉద్దేశం.

"ఎనిమిదిది ఏటికీ పనికిరాదే. పదిది!"

"పదే! తులమే! రంగెలాగుంది?"

"పచ్చగా మెరిసిపోతంది. కొరియరోడు ఇంటికి తెస్తాడు, జాగ్రత్తగా దాచు."

అమ్మ మురిసిపోయింది. "నా తండ్రే" అంది. ఒక సైకిలు చైనుకి ఇంత పొంగిపోయే తల్లి ఎంతమందికి ఉంటుందని నాకూ కళ్లు చెమర్చాయి. ఇద్దరం చెరో కారణానికీ కాసేపు ముక్కు చీదుకుని ఫోను పెట్టేశాం. ఆ మరుక్షణం అమ్మ నిమ్మాడకి ఫోను చేసింది.

తరవాతి ఆదివారం ఇంటికెళ్లి "చైనేదే?" అని అడిగితే, "బీరువా లాకర్లో ఎట్టినాను. సూసీసి మల్లీ అక్కడే ఎట్టీ" అని తాళాలు చేతికిచ్చి అమ్మ జీడితోటకి వెళ్లిపోయింది. తీసి చూద్దును కదా, టేపు కూడా విప్పని ఆ చిన్న పెట్టెకి పసుపూ కుంకుమా, పైన ఒక బంతిపువ్వు. దసరాకి బళ్లకి చేసినట్టు చైనుకి పూజ చేసిందనుకున్నాను. మనసు నిండిపోయింది. ఆ ఉత్సాహంలోనే గుత్తి, లివర్లు, చైను అన్నీ బిగించేశాను. కొత్త చైను ఎప్పుడూ సైకిలుకి కావలసినదానికంటే కొంచెం పొడుగుంటుంది, కత్తిరించుకోవాలి. అలా మిగిలిన బెత్తెడు ముక్క పారెయ్యడమెందుకు, ఎప్పుడైనా అతుక్కి పనికొస్తుందని మళ్లీ అదే పెట్టెలో పెట్టి, మూత వేసి, బంతిపువ్వు కూడా యథాస్థానంలో ఉంచి, లాకర్లో పెట్టేశాను. సైకిలెక్కి పలాస వెళ్లిపోయాను. ఆ రోజు గాలి కూడా దిక్కు మార్చుకుంది, దారి పొడుగునా ఎదురుగాలే. ఆ మధ్య గేరు దొరికింది. ఆహా, ఏమి హాయి! ఈ ప్రపంచంలో నా అంత సుఖపడుతున్నవాడు లేడనుకున్నాను.

ఆ సుఖం తాంబూలాల రోజు టెక్కలి దాటేవరకూ నిలిచింది. అందరం ఒక వ్యానులో బయల్దేరాం. అమ్మ ఒళ్లో పళ్లేలు, పళ్లేల మధ్య ఏదో పట్టుగుడ్డ మూట. దార్లో నిమ్మాడ దగ్గర పిన్ని ఎక్కింది. ఎక్కుతూనే నా గడ్డం పట్టుకుని, "నా నాయనే! ఈ కాలంలో ఎవుడేత్తాడమ్మా తులం చైను, కట్టుకోబోయే పిల్లకి! హరిశ్చంద్రపురం మొత్తం సెప్పీసినాను" అంది.

"ఏ చైను పిన్నీ?" అన్నాను.

"సిగ్గే!" అని అందరూ నవ్వారు. అమ్మ పట్టుగుడ్డ మడత తీసి కొంచెం చూపించింది. లోపల కుంకుమబొట్టుతో నా పెట్టె, వాడిపోయిన బంతిపువ్వు.

నాకు ముందు అర్థం కాలేదు. తరవాత మొత్తం అర్థమైంది. ఎనిమిది, పది, పచ్చగా మెరిసిపోవడం అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నోరు తెరిచి చెబుదామంటే వ్యాను నిండా చుట్టాలు, అమ్మ మొహంలో ఆ వెలుగు. చెప్పకుండా ఊరుకుందామంటే, వెళ్తున్న ఊరి పేరే హరిశ్చంద్రపురం. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో మీకు తెలుసు. తులం బంగారమని చాటింపు వేయించి సైకిలు చైను ముక్క తెచ్చినవాడికి అలాంటి ఊళ్లో పిల్లనెవరిస్తారు? మోసగాడంటారు. అనేవాళ్లు అననీ. ఆ పిల్ల అనుకుంటే? నా బొబ్బలు చూసి కొబ్బరినూనె రాసుకోమన్న పిల్ల ఎదురుగా పదిమందిలో ఆ పెట్టె విప్పనివ్వకూడదు. ఎలాగైనా ముందు ఆమె తండ్రిని పక్కకి పిలిచి నిజం చెప్పెయ్యాలనుకున్నాను.

తీరా వాళ్లింటి ముందు దిగాక, నేను పిలిచేలోపల ఆయనే నన్ను పిలిచాడు. మావ బక్కపల్చటి మనిషి. మోపెడ్ మీద కొబ్బరికాయలు వేసుకుని టెక్కలి తీసుకెళ్లి అమ్ముకుంటాడు. "బాబూ, ఒక్కపాలి పెరట్లోకి వస్తావా" అని తీసుకెళ్లి, తన మోపెడ్ పక్కన నిలబెట్టి, అటూ ఇటూ చూశాడు.

"మావా, ఆ చైను..." అన్నాను నేను.

"బాబూ, ఆ చైను..." అన్నాడు ఆయన, సరిగ్గా అప్పుడే.

"మీరు సెప్పండి, పెద్దోరు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు మా పిల్లకి తులం చైను తెత్తన్నావని మీ పిన్ని సెప్పిన కాడ్నించి నాకు నిద్దర నేదు బాబూ. మీరు చైను ఏత్తే మేవూ నీకు అంత చైను ఎయ్యాల. చైనుకి చైను, మాలో అదే పద్ధతి. నేకపోతే ఊర్లో తలెత్తుకోనేను. ఇదిగో, ఈ బండి సూడు. చైను యేలాడిపోతంది, పళ్లసెక్రం అరిగిపోనాది. చైనొక్కటీ మారిస్తే పాత సెక్రం కొత్త చైనుని తినేత్తది, రెండూ ఒకపాలే మార్చాల. అది కూడా ఆపీసినాను నీ చైను కోసమని. అయినా అందనేదు. ఈ రోజుకి ఒక ఉంగరంతో సరిపెట్టుకుంటావేటి?"

ఆయన బండి చైను వైపు చూశాను. నిజంగానే వేలాడిపోతోంది.

"మావా, అది బంగారం కాదు."

"కాదే? మరేటి?"

"నా సైకిలు చైను ముక్క."

"మరి తులవన్నారు?"

"పది గ్రాములు కాదు మావా. పది గేర్లు."

ఆయన మెల్లగా మోపెడ్ సీటు మీద కూర్చుండిపోయాడు. "గేర్లే..." అన్నాడు. అయిపోయింది, సంబంధం పోయింది అనుకున్నాను. ఇంతలో ఆయన భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుపడి దగ్గరికెళ్లాను. నవ్వుతున్నాడు. కళ్లంబడి నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. నా రెండు చేతులూ పట్టుకుని, "బతికించినావురా నాయనా! ఒరే, బతికించినావు!" అన్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ పెరట్లో మేమిద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

అప్పుడు లోపలినుంచి రేడియో మోగింది. "పెల్లికొడుకేడీ? చైను తీసీసినారు, రండి!"

పరిగెత్తాం గానీ అప్పటికే పళ్లెం పిల్ల నాయనమ్మ చేతిలోకి వెళ్లిపోయింది. ఆ ముసలావిడకి చూపు తక్కువ. చైను ముక్కని వేళ్లతో తడుముతూ, "బలే గట్టిదమ్మా! ఈ కాలపోల్ల గొలుసులు తలెంట్రుకల్లాగుంటాయి. ఇది నా మునిమనవరాలి పెల్లికి కూడా ఉంటాది" అని మెచ్చుకుంటోంది. చుట్టూ ఉన్నవాళ్లకి చూపు బాగానే ఉంది కనక ఎవరూ మాట్లాడటం లేదు. "పొట్టిగుందేటి? మెడకి సాలదు కదా" అంది ముసలావిడ. "సేతికేమో" అన్నారెవరో నీరసంగా. "మరి ఈ మసేటే?" అని ఆవిడ నల్లబడిన వేళ్లు పైకెత్తి చూపించింది.

"అది నా సైకిలు చైనండి" అన్నాను, గుమ్మంలో నిలబడి.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పదిదన్నావు కదరా!"

"పది గేర్లదేనే."

"పచ్చగా మెరిసిపోతందన్నావు!"

"మెరుస్తంది కదే, సూడు."

పిన్ని జీవితంలో మొదటిసారి మాటల్లేకుండా కూర్చుంది. నేను తలెత్తి ఆ పిల్ల వైపు చూడలేకపోయాను. అప్పుడు మావ నా వెనకనుంచి ముందుకొచ్చి, తువ్వాలు భుజాన దులిపి వేసుకుని, గట్టిగా, "సైకిలు చైనైతే ఏటయిపోనాది? చైనుకి చైనే కదా మన పద్ధతి? నా బండి చైను ఇప్పి తెమ్మంటారేటి, అల్లుడి మెల్లో ఎయ్యడానికి?" అన్నాడు. అందరికంటే ముందు ఆ పిల్లే, చాప మీద కూర్చుని పకపకా నవ్వింది. ఆ తరవాత ఎవరూ ఆపుకోలేకపోయారు. అమ్మ కూడా నన్నొక చరుపు చరిచి నవ్వేసింది. నాయనమ్మ మాత్రం ఎందుకు నవ్వుతున్నారో ఎవరైనా చెప్పరే అని అడుగుతూనే ఉంది. తాంబూలాలు అనుకున్న ముహూర్తానికే మార్చుకున్నారు. లేచి వచ్చేటప్పుడు ఆ ముక్క కోసం చూస్తే పళ్లెంలో లేదు. పిల్ల దాన్ని దూదితో శుభ్రంగా తుడిచి తన బ్యాగులో వేసుకుంది.

పెళ్లికి ఎవరం ఎవరికీ చైను వెయ్యలేదు. తాంబూలాలయిన మరుసటి ఆదివారమే నేను పొట్టేలెక్కి హరిశ్చంద్రపురం వెళ్లి, మావ పక్కన గొంతుక్కూర్చుని మోపెడ్‌కి చైనూ పళ్లచక్రమూ రెండూ మార్పించాను. (ఉంగరం వద్దన్నాను. దానికి బదులు ఆ పూట పీతల కూర పెట్టారు, న్యాయంగానే ఉంది.) నాన్న సలహా ఇవ్వడానికి ఫోను చేశాడు గానీ, జీడినూనె అన్న మాట వినగానే మావ ఫోను పెట్టేశాడు.

పొట్టేలు ఇప్పటికీ ఉంది, పది గేర్లతోనే. చైన్లు ఎన్నో మారాయి. ఆ చైను ముక్క మాత్రం ఒక్కనాడూ రోడ్డెక్కలేదు కనక ఇంకా పచ్చగానే మెరుస్తూ మా ఆవిడ బీరువా తాళాలకి వేలాడుతోంది. బంగారం ధర పెరిగిందని టీవీలో చెప్పినప్పుడల్లా ఆ తాళాలు నా ముందు గలగలలాడించి, "ఆ రోజు నిజంగానే తులం కొనీసుంటే ఈపాటికి..." అంటుంది. మొన్న నేను మళ్లీ చైను ఆర్డరు పెడుతూంటే తను మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. "అవునత్తా, చైనే కొంటన్నారు. సైకిలుకే అత్తా, సైకిలుకే" అని రెండుసార్లు చెప్పింది. మా ఇంట్లో ఇప్పుడు అది నియమం. ఫోను పెట్టేశాక, ఇన్నేళ్లుగా అడగని మాట అడిగాను: ఆ రోజు పదిమందిలో పళ్లెంలో ఆ ముక్క చూసినప్పుడు నన్నేమనుకున్నావని.

"ముక్క తరవాత సూసాను" అంది. "మీరు గుమ్మంలోకొచ్చి నిలబడగానే చేతులు సూసాను. బొబ్బలు మానిపోనాయి. పోన్లే, సెప్పిన మాట వింటాడు అనుకున్నాను."

ఆ బొబ్బల చేతుల కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే, ఒరేయ్, కంగారుపడకురా, ఆ పిల్ల చూస్తున్నది చైనుని కాదు అని చెబుదును. వినేవాడు కాదనుకోండి. వాడి ధ్యాసంతా ఆ మధ్య గేరు మీదే.